వ్యామ్‌ను నానబెట్టరు, పండిస్తారు: ఒక సంచిలో మైకోరైజా తయారు చేసుకోవడం ఎలా?

"వ్యామ్ ప్యాకెట్ తెచ్చానండీ, బెల్లం నీళ్లలో ఎన్ని రోజులు ఉంచాలి?"

మిరప నార్లు పోసే రోజులు దగ్గర పడ్డాయంటే నాకు ఈ ప్రశ్న రాని వారం ఉండదు. అడిగేవాళ్ల తప్పేమీ లేదు. జీవామృతం అలాగే చేస్తాం. తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా బూజును పశువుల ఎరువులో కలిపి, తడిపి, గోనె పట్టా కప్పి ఉంచితే కొన్నాళ్లకు ఎరువంతా పట్టేస్తుంది. ఇదీ అంతే కదా అనుకుంటారు. కానీ వ్యామ్ అనేది మొక్కల వేళ్లలో ఉంటూ వాటికి మేలు చేసే బూజు, అది అలా పెరగదు. బెల్లం వేసినా, శనగపిండి వేసినా, పేడ కలిపినా డ్రమ్ములో అది పిసరంత కూడా పెరగదు. బతికున్న వేరు లోపల చోటు దొరికితేనే దానికి తిండి. కాబట్టి పైరు వేసి, రెండు నెలలు నీళ్లు పెట్టి, కోత కోసి, వేళ్లతో సహా ఆ మట్టిని దాచుకోవాలి. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. డాబా మీద కుండీలు పెట్టుకునేవాళ్లకూ, ఎకరం మిరప వేసేవాళ్లకూ పద్ధతి ఒకటే.

పేరు గురించి ఒక మాట. వెసిక్యులర్ ఆర్బస్క్యులర్ మైకోరైజా అనే పొడుగాటి పేరుకు పొట్టి పేరు వ్యామ్. కొందరు వామ్ అంటారు. ఎరువులు, పురుగుమందుల కొట్లో మైకోరైజా అని కూడా చెప్పి అడగండి, లేకపోతే వాము కిరాణా కొట్లో దొరుకుతుందని పంపించేస్తారు.

ఇది చేసే పని

భాస్వరం మట్టిలో కదలదు. నత్రజని నీళ్లతో పాటు వేరు దగ్గరికి వస్తుంది, భాస్వరం రాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరం తినేశాక అక్కడ ఇక ఖాళీ. వ్యామ్ అనే బూజు పోగులు వేరు లోపల కాపురం పెట్టి, బయటకు కొన్ని సెంటీమీటర్ల దూరం పాకి, అక్కడి భాస్వరాన్నీ జింకునూ మోసుకొస్తాయి. మొక్క తన ఆకుల్లో చేసుకున్న చక్కెరలో వాటా వాటికి పెడుతుంది. నేల మీది మొక్కల్లో నూటికి డెబ్బై రకాల దాకా ఈ ఒప్పందంలో ఉన్నాయి. కొన్నింటికి ఇది లేకపోతే గడవడం కష్టం. ఉల్లి వేరును చేతిలోకి తీసుకుని చూడండి, మొద్దుగా, నూగు లేకుండా దారంలా ఉంటుంది. నిమ్మ, బత్తాయి, కర్రపెండలం కూడా అదే బాపతు. ఇంతకు మించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

ముందు, ఇది మీకు పనికొస్తుందా?

ఇది చూసుకోకుండా మొదలుపెట్టి రెండు నెలలు వృథా చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, పాలకూర, బీట్‌రూట్, తోటకూర వేసేవాళ్లకు ఇది అక్కర్లేదు. ఈ మొక్కలు వ్యామ్‌ను వేళ్లలోకి దాదాపు రానివ్వవు. నీళ్లు నిలబెట్టి పండించే వరికి కూడా పెద్దగా ఉపయోగం ఉండదు. ఆర్కిడ్ల సంగతి వేరు. దుమ్ములాంటి వాటి గింజలో సొంత తిండి ఉండదు, బూజు తిండి పెడితేనే మొలుస్తాయి. కానీ అది వేరే జాతి బూజు, వ్యామ్ పొడి చల్లి లాభం లేదు.

సాయిల్ హెల్త్ కార్డు (భూసార పరీక్ష కార్డు) ఉంటే తీసి భాస్వరం గడి చూడండి. "ఎక్కువ" అని రాసి ఉంటే మీ పొలంలో వ్యామ్ వల్ల కంటికి కనిపించే తేడా రాకపోవచ్చు. భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ఏటా బస్తాలకు బస్తాలు పడిన మిరప చేలలో ఇదే జరుగుతుంది. భాస్వరం ఇంట్లోనే దొరుకుతుంటే మొక్క బయటివాడికి చక్కెర ఎందుకు పెడుతుంది?

బాగా పనిచేసేది నారుమళ్లలో, పాలిథిన్ సంచుల్లో పెంచే నిమ్మ, బొప్పాయి, మామిడి మొక్కల్లో, ఉల్లిలో, ఎర్ర చల్కా నేలల్లో, ఎండబెట్టి శుద్ధి చేసిన మట్టిలో.

కావలసినవి (10 కిలోల సంచి ఒకటికి)

- పెద్ద గ్రో బ్యాగు, లేదా శుభ్రంగా కడిగిన సిమెంటు సంచి. అడుగున నాలుగైదు చిల్లులు.
- వర్మిక్యులైట్ 9 కిలోలు. మైకా లాంటి రాయిని కొలిమిలో కాలిస్తే పేలాల్లా పొంగి వచ్చేది ఇదే. నెల్లూరు మైకా గనుల ప్రాంతంలో ఆ రాయి దొరుకుతుంది. పొంగించిన సరుకు నర్సరీ సామాన్ల కొట్లలో అమ్ముతారు. చాలా తేలిక కాబట్టి ఒక సంచిలో పట్టకపోతే రెండింటిలో సగం సగం నింపండి.
- శుద్ధి చేసిన ఎర్రమట్టి 1 కిలో.
- తోడు 200 గ్రాములు, అంటే ఇప్పటికే వ్యామ్ ఉన్న పొడి. మదర్ కల్చర్ అంటారు, నాకు తోడు అనడమే బాగుంటుంది. కాకపోతే ఇక్కడ పాలు అంటే బతికున్న వేరు.
- మందు పట్టించని జొన్నలు, మొక్కజొన్నలు.
- యూరియా, సూపర్ ఫాస్ఫేట్, పొటాష్: చిటికెడు చిటికెడు. ఆ సంగతి కింద చెబుతాను.

వర్మిక్యులైట్ ఖరీదు అనిపిస్తే కడిగిన ఇసుక రెండు వంతులు, శుద్ధి చేసిన ఎర్రమట్టి ఒక వంతు కలిపి వాడండి. పని జరుగుతుంది. కానీ సంచి బరువెక్కుతుంది, గ్రాముకు బీజాలు (బూజుకు గింజల్లాంటివి, స్పోర్లు అంటారు) తగ్గుతాయి. అలా చేసినవాళ్లు చివర్లో చెప్పే మోతాదులన్నీ రెట్టింపు చేసుకోండి.

పెద్ద ఎత్తున చేయాలనుకుంటే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల గుంట పద్ధతి ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గుంటలో నల్ల పాలిథిన్ పరిచి 50 కిలోల వర్మిక్యులైట్, 5 కిలోల శుద్ధి మట్టి, కిలో తోడు వేస్తారు. 55 కిలోలు చేతికొస్తుంది. నా సంచి లెక్క కూడా ఆ గుంటను కుదించిందే. మొదటిసారి మాత్రం సంచితోనే మొదలుపెట్టండి. చెడిపోతే ఒక్క సంచే పోతుంది.

తోడు ఎక్కడ దొరుకుతుంది?

వ్యవసాయ విశ్వవిద్యాలయాల జీవన ఎరువుల విభాగాలకు, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. అన్ని కాలాల్లోనూ ఉండదు. కొట్లో కొంటే మూడు విషయాలు చూడండి: తయారీ తేదీ, గ్రాముకు ఎన్ని బీజాలు అన్న అంకె, ప్యాకెట్ ఎక్కడ పెట్టారన్నది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకు కనీసం 100 సజీవ కణాలు (బూజు మళ్లీ పెరగగల బీజాలు, పోగులు, వేరు ముక్కలు), అందులో కనీసం 60 బీజాలు ఉండాలి. ఆ అంకె లేని ప్యాకెట్ ముట్టుకోకండి. మే నెలలో రేకుల షెడ్డులో అటక మీద పెట్టిన ప్యాకెట్ ఒకటి నేనూ కొన్నాను. రెండు నెలలు జొన్న పెంచాక, మొదట్లో అదెంత చచ్చిన మట్టో ఆ తర్వాత కూడా అంతే.

దొరక్కపోతే ఇంకో దారి ఉంది. ఏళ్ల తరబడి దున్నని గట్టు మీద, తుమ్మ చెట్టు కిందో రేగు చెట్టు కిందో గడ్డి పెరిగిన చోట, పైన రెండు వేళ్ల మందం చెత్త తీసేసి ఆ కింది మట్టిని సన్న వేళ్లతో సహా తవ్వి తెచ్చుకోండి. అందులో మీ ఊరి వ్యామ్ ఉంటుంది. ఆ మట్టి 200 గ్రాములు చాలదు, సంచికి కిలో వేయండి. మిరప, టమాటా, వంగ వేసిన చేలోంచి మాత్రం మట్టి తేవద్దు. వేరు పురుగులు, ఎండు తెగులు తెచ్చి మీ నారుమడిలో పోసినట్టవుతుంది.

ఇక చేయడం

1. మట్టిని శుద్ధి చేయండి.

ఎర్రమట్టిని జల్లించి, తడిపి, నేల మీద జానెడు మందం లోపు పరిచి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవరు కప్పండి. నల్ల కవరు కాదు. దాని కింద వేడి అంతగా పుట్టదు. అంచులన్నీ మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో వదిలేయండి. మార్చి చివర కప్పితే మే మొదటి వారానికి సిద్ధం. ఒక్క కిలో మట్టికి అంత తతంగం ఎందుకంటారా, ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి అరగంట ఆవిరి పట్టండి. మర్నాడు ఇంకోసారి పట్టండి. తర్వాత రెండు మూడు రోజులు ఆరనిచ్చి వాడండి. పాత్ర పాతది తీసుకోండి, లేకపోతే ఇంట్లో నాకు చెడ్డపేరు వస్తుంది. ఇసుక వాడేవాళ్లు దాన్ని బాగా కడిగి మరిగే నీళ్లు పోస్తే చాలు. పొంగించిన వర్మిక్యులైట్ కొలిమిలోంచి వచ్చిందే కాబట్టి దానికేమీ అక్కర్లేదు.

2. చోటు చూసుకోండి.

రోజంతా ఎండ పడే చోటే కావాలి. నీడలో పెట్టి పాడు చేసుకున్నవాళ్లు ఎక్కువ. ఎండ లేకపోతే మొక్క దగ్గరే చక్కెర ఉండదు, ఇక బూజుకేం పెడుతుంది? సంచిని నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి. నీరు దిగుతుంది, నేలలోని పురుగు ఎక్కదు.

3. సంచి నింపి, తోడు పరవండి.

వర్మిక్యులైట్, మట్టి కలిపి, చేత్తో పిండితే ముద్ద కట్టి నీరు కారకుండా ఉండేంత తడపండి. పైన నాలుగు వేళ్లు వదిలి సంచి నింపండి. దాని మీద 200 గ్రాముల తోడు పలచగా ఒక పొరలా పరవండి. పైన ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు మిశ్రమం కప్పండి. మొలిచిన వేరు దిగగానే ఆ పొరను దాటి పోవాలి, అందుకే ఇలా. తోడును సంచి అంతా కలిపేస్తే ఒక్కో వేరుకు తగిలేది తక్కువ.

4. విత్తనాలు కడిగి వేయండి.

ఇక్కడ జాగ్రత్త. కంపెనీ ప్యాకెట్లోని మొక్కజొన్న ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటుంది కదా, అది బూజు చంపే మందు. బూజు పెంచడానికి బూజు మందు పట్టించిన గింజలు వేస్తే ఏమవుతుందో మీకే తెలుసు. కిరాణా కొట్లో రొట్టెలకు అమ్మే జొన్నలు, లేదా రైతు ఇంట్లో దాచిన కంకి గింజలు తెచ్చుకోండి. బట్టలు తెల్లబరిచే ద్రవ బ్లీచ్‌లో 2 నిమిషాలు ఉంచి, నాలుగైదు సార్లు మంచినీళ్లతో కడగండి. చేతికి తొడుగు వేసుకోండి, బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ లాంటివి కలపనే కలపకండి. సంచికి పదీ పన్నెండు గింజలు, సగం జొన్న, సగం మొక్కజొన్న. రాగి, బంతి, ఉల్లి కూడా పనికొస్తాయి. ఆవాలు పనికిరావు.

5. ఎరువు చెంచాతో కాదు, చిటికెతో.

గుంట లెక్కలో విత్తేటప్పుడు వేసేది యూరియా 2 గ్రాములు, సూపర్ 2 గ్రాములు, పొటాష్ 1 గ్రాము. అదీ 55 కిలోలకు. మన సంచికి అందులో అయిదో వంతు, అంటే వేళ్ల కొసతో తీసిన చిటికెడు. 30వ రోజున, 45వ రోజున గుంటకు 10 గ్రాముల చొప్పున యూరియా ఇస్తారు. సంచికి 2 గ్రాములు. నీళ్లలో కరిగించి పోయండి.

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. మూడో వారంలో మొక్కజొన్న ఆకులు ఎర్రబారి, బక్కపలచగా నిలబడ్డాయి. చూడలేక గుప్పెడు డీఏపీ వేశాను. పది రోజుల్లో పైరు ఛాతీ ఎత్తుకు లేచింది, ముదురు పచ్చ రంగు. వచ్చినవాళ్లందరికీ చూపించాను. అరవయ్యో రోజున వేళ్లు తీసి కాలేజీలో పనిచేసే మిత్రుడికి ఇచ్చాను. రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టి "ఏముందిరా ఇందులో, వేరే ఉంది" అన్నాడు. కాబట్టి మీ మొక్కలు కాస్త నీరసంగా ఉంటే ఉండనివ్వండి. ఆకలితో ఉన్న మొక్కే బూజును లోపలికి పిలుస్తుంది. వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, ఎముకల పొడి, ఏవీ ఈ సంచిలో వద్దు.

6. నీళ్లు, కాపలా.

తడి ఆరకుండా, నీరు నిలవకుండా. మే ఎండలకు రోజుకు రెండు పూటలా కావాలి. మొలకలు వచ్చేదాకా కోళ్లు రాకుండా ముళ్లకంపో వలో కప్పండి. కలుపు పీకేయండి, ముఖ్యంగా తోటకూర జాతి. ఆకు మీద కత్తెర పురుగు పడితే చేత్తో ఏరండి, లేదా వేప నూనె కొట్టండి. కార్బెండజిమ్ లాంటి బూజు మందు మాత్రం ఈ సంచి దరిదాపుల్లోకి రానివ్వకండి.

7. యాభయ్యో రోజున నీళ్లు మానేయండి.

మొక్కలు వడలి, ఎండుతాయి. అదే కావాలి. తన తిండి ఆగిపోతోందని తెలిశాక బూజు బీజాలు కట్టుకుంటుంది. 60వ రోజున మొక్కలను మొదలు దగ్గర కోసి పైభాగం తీసేయండి.

చలిదేశాల్లో పెరటి తోటలు పెంచే మనవాళ్లకు ఈ పని ఇంకా తేలిక. అమెరికాలో పెన్సిల్వేనియాలోని రొడేల్ ఇన్‌స్టిట్యూట్ అనే సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థ, అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కలిసి ఇలాగే నల్ల సంచుల్లో బహియా గడ్డితో చేయించారు. అక్కడ గడ్డిని మనం ఎండబెట్టక్కర్లేదు, మంచు పడి అదే చస్తుంది.

8. వేళ్లు తరిగి కలపండి.

సంచిని నీడలో గచ్చు మీద బోర్లించండి. వేళ్లను కత్తెరతో సెంటీమీటరు ముక్కలుగా కోసి, అదే మిశ్రమంలో కలిపేయండి. వేళ్లు తీసి పారేయకండి, సగం సరుకు అందులోనే ఉంటుంది. నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. ఎండలో వద్దు. పొడిగా, చేతికి అంటకుండా ఉన్నాక గుడ్డ సంచిలో పోసి, తయారీ తేదీ రాసి, ఇంట్లో చల్లటి మూల పెట్టండి. ఫ్రీజర్ అక్కర్లేదు. ఆరు నెలల్లో వాడేయండి.

వచ్చిందా రాలేదా ఎలా తెలుస్తుంది?

కంటితో తెలియదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే సంచి పైన తెల్లటి బూజు ఫొటో పంపి "వ్యామ్ భలే పట్టిందండీ" అనేవాళ్లు వారానికొకరు. ఆ తెల్ల బూజు కుళ్లిన చెత్తను తినే మామూలు బూజు. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, వ్యామ్ మాత్రం కాదు.

కంటికి దొరికే చిన్న ఆనవాలు ఒకటుంది. 40వ రోజు దాటాక సంచి అంచున వేలు పెట్టి మొక్కజొన్న సన్న వేరు ఒకటి లాగి, వెంటనే కడిగి తెల్ల కాగితం మీద పెట్టండి. వ్యామ్ బాగా పట్టిన వేరు పాలిపోయిన తెలుపు కాకుండా లేత పసుపుగా ఉంటుంది. కాసేపు వెలుతురులో ఉంచితే ఆ పసుపు వెలిసిపోతుంది, కాబట్టి వెంటనే చూడాలి. పసుపు ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, లేనంత మాత్రాన పోయిందని కాదు.

నమ్మకమైన పరీక్ష మైక్రోస్కోప్ కింద. ఊళ్లో హైస్కూలు ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోప్ చాలు. సైన్సు మాస్టారిని అడగండి, పిల్లలకూ పాఠం అవుతుంది.

- సన్న వేళ్లు కడిగి సెంటీమీటరు ముక్కలు చేయండి.
- నూటికి 10 పాళ్ల కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్, ఎరువు పొటాష్ కాదు) ద్రావణంలో వేసి, ఆ సీసాను మరిగే నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. అరగంట నుంచి గంటలో వేళ్లు అద్దంలా పలచబడతాయి. ఈ ద్రావణం చర్మాన్ని, కంటిని కాలుస్తుంది. కళ్లజోడు, తొడుగులు తప్పనిసరి, పిల్లల చేతికి ఇవ్వకూడదు.
- నాలుగైదు సార్లు నీళ్లతో కడగండి.
- 95 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్‌లో 5 మిల్లీలీటర్ల ఫౌంటెన్ పెన్ సిరా కలిపి, అందులో 3 నిమిషాలు మరిగించండి. అన్ని సిరాలూ పట్టవు. ముందు రెండు ముక్కలతో చూసుకోండి.
- రెండు చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో 20 నిమిషాలు ఉంచితే వేరుకు పట్టిన రంగు వదులుతుంది, బూజుకు పట్టింది ఉండిపోతుంది.

గాజు పలక మీద పెట్టి వంద రెట్లలో చూడండి. వేరు పొడవునా రంగు దారాలు, వాటి మధ్య కోడిగుడ్డు ఆకారంలో బుడగలు, ఇంకా పెద్దగా చూస్తే కణం లోపల చిన్న చెట్టు కొమ్మలు పరిచినట్టు ఉండే గుర్తులు, అవి కనిపిస్తే మీ సంచి పండింది. యాభై ముక్కలు చూసి ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టండి. సగానికి పైన ఉంటే దర్జాగా వాడుకోవచ్చు. పదికి లోపే ఉంటే మొత్తాన్ని కొత్త సంచికి తోడుగా వేసి మళ్లీ పెంచండి.

మైక్రోస్కోప్ దొరకని వాళ్లకు ఉల్లి పరీక్ష. శుద్ధి చేసిన ఇసుక, మట్టి మిశ్రమంతో పది గ్లాసులు నింపండి. అయిదింటిలో మీ సరుకు రెండేసి చెంచాలు. మిగతా అయిదింటిలో అదే సరుకును ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి చంపి రెండేసి చెంచాలు. ఈ రెండో భాగం చాలామంది వదిలేస్తారు. ఊరికే ఖాళీ మట్టితో పోలిస్తే, తేడా వ్యామ్ వల్లా లేక ఆ రెండు చెంచాల్లోని ఎరువు వల్లా అన్నది తేలదు. అన్నింటిలో ఉల్లి గింజలు వేసి, ఒకే చోట, ఒకే నీళ్లు. ఆరు వారాలకు పక్కపక్కన పెట్టి చూడండి. బతికున్న వ్యామ్ అయితే ఆకు పొడవులో, మందంలో తేడా తెలుస్తుంది.

వాడడం

సూత్రం ఒకటే: వేరుకు తగలాలి. పైన చల్లితే ఎండకు పోతుంది.

మిరప రైతులు ఈ లెక్క చూడండి. ఎకరానికి సెంటు నారుమడి, అంటే 40 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 100 గ్రాములు, మొత్తం 4 కిలోలు. ఒక్క సంచిలో సగం కూడా పట్టదు. అదే నాటేటప్పుడు మొక్కకు 20 గ్రాముల చొప్పున వేయాలంటే, ఎకరానికి 10 వేల మొక్కలకే 200 కిలోలు. అందుకే నారుమడిలోనే వేయమనేది. మడి చదును చేశాక రెండు మూడు సెంటీమీటర్ల మట్టి పక్కకు లాగి, పొడి పలచగా చల్లి, మట్టి కప్పి, ఆపైన విత్తనం వేయండి. జూలై చివర నారు పోసేవాళ్లు మే 10 లోపు సంచిలో జొన్నలు వేసి ఉండాలి. ఆ మడికి డీఏపీ వేయకండి.

నారుకుళ్లు వస్తే? మందు పోయండి. నారే పోయాక వ్యామ్‌తో పనేముంది? కాకపోతే ముందు జాగ్రత్త పేరుతో వ్యామ్ వేసిన రోజే బూజు మందు తడపడం మానండి. రెండు వారాల ఎడం ఇస్తే ఈలోగా బూజు వేరులోకి దూరిపోతుంది.

పాలిథిన్ సంచుల్లోని మొక్కలకు సంచికి 5 నుంచి 10 గ్రాములు, గింజకు కాస్త కిందగా. గుంటలో నాటే మొక్కకు 20 గ్రాములు, వేళ్ల ముద్ద అడుగున. ఎదిగిన నిమ్మ, బత్తాయి, మామిడి చెట్లకు 200 గ్రాములు. చెట్టు మొదలు దగ్గర కాదు, కొమ్మల నీడ అంచు కింద గునపంతో నాలుగైదు చోట్ల జానెడు లోపు గుంటలు తీసి, సన్న వేళ్లు కనిపించిన చోట వేసి పూడ్చండి. డ్రిప్పులో పంపొద్దు, వేరు ముక్కలు అడ్డుపడతాయి.

కోకోపీట్ ట్రేల నారు కొనేవాళ్లు నర్సరీ వాళ్లకు మీ పొడి ఇచ్చి కలపమనవచ్చు. వాళ్లు రోజూ నీళ్లలో కరిగే, భాస్వరం కూడా ఉన్న 19:19:19 ఎరువు పోస్తుంటే మాత్రం పట్టేది తక్కువే. ముందే అడిగి తెలుసుకోండి.

మళ్లీ సంచి పెట్టేటప్పుడు

పాత సరుకులోంచి అర కిలో పక్కన పెట్టుకుంటే అదే వచ్చే ఏటికి తోడు. ఇలా రెండు మూడు సార్లు లాగవచ్చు. ఆ తర్వాత వేరు పురుగు, కలుపు గింజలు చేరతాయి. వేళ్ల మీద ఉండలు ఉండలుగా బుడిపెలు కనిపిస్తే అవి వ్యామ్ గుర్తులు కావు, నులిపురుగు. ఆ సంచిలో పిడికెడు కూడా దాచకుండా పొలానికి దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టి, కొత్త తోడుతో మొదలుపెట్టండి.